ఒక్క గేటా, మొత్తం 33 గేట్లా?



తుంగభద్ర డ్యామ్‌కు 33 గేట్లు. ఒక్కో గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. హోస్పేట దగ్గర ఆ గేట్ల వెనక నీళ్లు నిలిస్తేనే హెచ్చెల్సీ అనే ఎగువ కాలువ పారుతుంది. హెచ్చెల్సీ పారితేనే కణేకల్ చెరువు నిండుతుంది. చెరువు నిండితేనే ఈ కరువు సీమలో కణేకల్, బొమ్మనహాళ్ మండలాల రైతులు వరి నాటే ధైర్యం చేస్తారు. అందుకే 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయిందన్న వార్త తెల్లవారేసరికల్లా మన ఊళ్లలో టీ అంగళ్ల దాకా వచ్చేసింది. డ్యామ్ మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. రైతు కళ్లముందే నీళ్లు నది పాలయ్యాయి. గేట్ల పనిలో పండిపోయిన మన తెలుగువారు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో, నీళ్లు పారుతుండగానే, ఆ ఖాళీలో ఉక్కు స్టాప్‌లాగ్ పలకలను ఒకదాని మీద ఒకటి అయిదు ముక్కలుగా దింపి, ఆగస్టు 16, 17 తేదీల్లో ఆ కన్నాన్ని మూశారు. ఆ తర్వాత, ఒక్క గేటుతో సరిపోదు, వయసు మీరిన 33 గేట్లనూ మార్చాలి అన్న నిర్ణయానికి వచ్చారు.

నేను ఈరోజు మాట్లాడేది నీళ్ల గురించి కాదు, డ్రాయింగు గురించి. కంప్యూటర్ మీద డ్రాయింగు గీసే పిల్లలు ఇప్పుడు మన జిల్లాలో తక్కువేమీ లేరు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినవాళ్లు, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసినవాళ్లు, డ్రిప్ కంపెనీలకు తోటల లేఅవుట్లు వేసి ఇచ్చేవాళ్లు, సోలార్ ప్లాంట్ల కాంట్రాక్టర్ల దగ్గర ప్యానెళ్ల వరుసలు గీసేవాళ్లు ఉన్నారు. వీళ్లందరికీ రోజూ చేతికి తగిలే కమాండ్ ఒకటుంది. దాని పేరు అర్రే. ఒక వస్తువును గీసి, దాన్ని వరుసగానో, అడ్డం నిలువు గళ్లుగానో, వలయంగానో, ఒక దారి వెంబడో పరిచే పని అది చేస్తుంది. వేయడం అందరికీ వచ్చు. వేసినదాన్ని మార్చాల్సి వచ్చినప్పుడే గొడవంతా. "సార్, అర్రే ఎడిట్ కావడం లేదు" అని వచ్చే ప్రశ్నలన్నీ విడదీసి చూస్తే, ఎక్కువ భాగం తుంగభద్ర మీద అధికారులకు ఎదురైన ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి. మార్చాల్సింది ఒక్క గేటునా, మొత్తం 33 గేట్లనా? ఇది తేల్చుకోకుండా మౌస్ పట్టుకున్నవాడికి ఏ సాఫ్ట్‌వేరూ సాయం చేయలేదు.

రేడియోలో తెర చూపించలేను కదా. కాబట్టి మీరు మనసులోనే ఆ డ్యామ్‌ను గీసుకోండి. నేను చెప్పేది ఆటోక్యాడ్ లెక్కన. మిగతా సాఫ్ట్‌వేర్లలో మెనూలు అటూ ఇటూ ఉన్నా మూలసూత్రం మారదు.

మొదట ఒక గేటు గీశాం. దాన్ని అడ్డంగా 33 సార్లు పరచాలి. ఇక్కడే రెండు తప్పులు ముందుగా దొర్లుతాయి. మొదటిది ఎడం. గేటు 60 అడుగులు కదా అని కాలమ్‌ల మధ్య దూరం 60 ఇస్తే గేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి, మధ్యలో పియర్ గోడకు చోటే ఉండదు. అర్రే అడిగే దూరం ఖాళీ జాగా కొలత కాదు. మొదటి గేటు ఎడమ అంచు నుంచి రెండో గేటు ఎడమ అంచు దాకా ఎంతో అది. పియర్ మాటవరసకు 10 అడుగులు అనుకుంటే, ఇవ్వాల్సింది 70. సోలార్ ప్యానెళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించినా, చీనీ చెట్లు అనుకున్నదాని కంటే దగ్గరగా పడినా కారణం దాదాపు ఇదే. రెండోది లెక్క. మనం గీసిన మొదటి గేటు కూడా ఆ 33లోకి వస్తుంది. కాబట్టి ఇవ్వాల్సిన సంఖ్య 33, 32 కాదు. కానీ గేట్ల మధ్య ఎడాలు మాత్రం 32. మొత్తం దూరం ఇచ్చి అర్రే వేసేవాళ్లు 70ని 33తో గుణించి 2310 ఇస్తారు. రావాల్సింది 32 ఎడాలకు 2240. ఆ 70 అడుగులు అన్ని గేట్ల మధ్యకూ తలా కొంచెం పంచుకుపోతుంది కాబట్టి కంటికి తెలియదు. ప్రింటు తీసి కొలిచినప్పుడే బయటపడుతుంది. అప్పుడు తిట్లు డ్రాఫ్ట్స్‌మన్‌కే.

ఇది వేసేటప్పటి సంగతి. ఇక మార్చేటప్పటి సంగతి.

అర్రే ఎడిట్ కమాండ్ ఇచ్చి గేట్ల మీద నొక్కితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మళ్లీ ఇస్తారు, మళ్లీ ఒప్పుకోదు. ఇన్‌స్టలేషన్ పాడైందేమోనని కొందరు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అంత దూరం పోనక్కరలేదు. ముందు ఒక గేటు మీద ఒకసారి నొక్కి చూడండి. మొత్తం 33 గేట్లూ ఒకేసారి ఎంపికై, నీలం గ్రిప్పులు రెండో నాలుగో కనిపిస్తే అది బతికున్న అర్రే. నొక్కిన గేటులోని ఒక్క గీత మాత్రమే ఎంపికైతే అక్కడ అర్రే అనేదే లేదు, విడివిడి కాపీలు మాత్రమే ఉన్నాయి. లేనిదాన్ని ఎడిట్ చేయమంటే అది ఏం చేస్తుంది పాపం?

ఎందుకిలా అవుతుందంటే కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు దాని అర్రే కమాండ్ చేసిన పని ఒక్కటే, కాపీలు పరిచి పక్కకు తప్పుకోవడం. మన గొర్రుతో వేరుశనగ విత్తినట్టన్నమాట. విత్తేటప్పుడు సాళ్ల మధ్య ఎంత ఎడం ఉండాలో గొర్రు చూసుకుంటుంది. విత్తడం అయిపోయాక సాలుకూ గొర్రుకూ సంబంధం ఏముంటుంది? ఎడం తప్పిందని గొర్రుకు చెప్పుకుంటే ఏం లాభం! 2012 వెర్షన్ నుంచి సంగతి మారింది. అప్పుడు వచ్చింది అసోసియేటివ్ అర్రే. దాంట్లో పరిచిన కాపీలకూ అర్రేకూ మధ్య బంధం తెగదు. ఎన్ని వరుసలు, ఎంత ఎడం, మూలవస్తువు ఏది అన్న వివరాలన్నీ అది గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడైనా వెనక్కి వెళ్లి ఎడం 70ని 72 చేస్తే 33 గేట్లూ వాటంతట అవే జరుగుతాయి.

అయితే పాత అలవాటున్నవాళ్లు ఊరుకోలేదు. వాళ్లకు అలవాటైన పాత డైలాగ్ పెట్టె కూడా వేరే కమాండ్‌గా తిరిగొచ్చింది. దాని పేరు అర్రే క్లాసిక్. చూడ్డానికి ముచ్చటగా, అన్నీ ఒక్క చోటే ఉన్నట్టుంటుంది. కానీ అది వేసేది విడివిడి కాపీలే. పెద్దవాళ్ల దగ్గర పని నేర్చుకున్న పిల్లలు వాళ్ల చేతివాటం కూడా నేర్చుకుంటారు కదా, అర్రే క్లాసిక్‌తో వేసి, అర్రే ఎడిట్‌తో మార్చబోతారు. ఈ రెంటికీ పొత్తు కుదరదు. కమాండ్ పేరుకు ముందు చిన్న అడ్డగీత పెట్టి టైపు చేసే పాత పద్ధతి కూడా విడివిడి కాపీలనే ఇస్తుంది.

మూడో కారణం ఇంకా కనిపించనిది. అర్రే అసోసియేటివిటీ అని ఒక సిస్టం వేరియబుల్ ఉంది. అది 1 అయితే కొత్తగా వేసే అర్రేలన్నీ బంధం ఉన్నవి, 0 అయితే బంధం లేనివి. మామూలుగా 1 ఉంటుంది. ఒక్క అర్రే విషయంలో అసోసియేటివ్ వద్దని చెప్పినా చాలు, ఆ 0 అలాగే నిలిచిపోయి తర్వాత వేసే ప్రతిదానికీ వర్తిస్తూ పోవచ్చు. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ముగ్గురు పనిచేసే ఆఫీసుల్లో ఎవరు మార్చారో తెలియదు, కానీ ఆరోజు నుంచి ఎవరి అర్రే కూడా ఎడిట్ కాదు. కమాండ్ లైన్‌లో ఆ పేరు పూర్తిగా టైపు చేసి విలువ చూస్తే తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించడం కంటే పది రెట్లు తేలిక.

ఇక అసలు కథ 19వ గేటు.

డ్రాయింగులో 33 గేట్లూ బంధం ఉన్న అర్రేగానే ఉన్నాయనుకోండి. 19వ గేటు కొట్టుకుపోయింది. డ్రాయింగులో ఆ చోటు ఖాళీగా చూపించాలి. చాలామంది ఇక్కడ చేసే పని ఎక్స్‌ప్లోడ్. అర్రే మొత్తాన్ని పగలగొట్టి, 19వ గేటు గీతలు చెరిపేస్తారు. పని అయినట్టే ఉంటుంది. కానీ ఒక్క గేటు కోసం 33 గేట్ల బంధాన్నీ తెంచేశారు. రేపు ఎడం మార్చాలంటే, గేటు డిజైన్ మార్చాలంటే మళ్లీ మొదటికి. ఎక్స్‌ప్లోడ్ చేసిన అర్రేను తిరిగి అర్రేగా మార్చే మార్గం లేదు. వెంటనే తెలుసుకుంటే అన్‌డూ ఉంది. ఫైలు సేవ్ చేసి మూసేశాక అదీ ఉండదు.

కావాల్సింది కంట్రోల్ కీ. అది నొక్కి పట్టుకుని 19వ గేటు మీద నొక్కితే ఆ ఒక్కటే ఎంపికవుతుంది. అప్పుడు డిలీట్ నొక్కితే అక్కడ ఖాళీ మిగులుతుంది, మిగతా 32 అలాగే అర్రేలోనే ఉంటాయి. కావాలంటే దాన్ని కొంచెం జరపొచ్చు, తిప్పొచ్చు కూడా. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన ఆఫీసుల్లో జరిగే ఎక్స్‌ప్లోడ్‌లలో సగానికి సగం ఆగిపోతాయని నా నమ్మకం.

ఖాళీ కాదు, అక్కడ స్టాప్‌లాగ్ పలకలు చూపించాలి అంటే? అప్పుడు అర్రే ఎడిట్‌లో రీప్లేస్ అనే దారి ఉంది. పక్కన విడిగా అయిదు పలకల బొమ్మ గీయండి. అర్రే ఎడిట్ ఇచ్చి, అర్రేను ఎంచి, రీప్లేస్ అనండి. కొత్త బొమ్మను ఎంచమంటుంది, ఎంచండి. తర్వాత దాని ఆధార బిందువు అడుగుతుంది. ఇక్కడ తొందరపడకండి. పాత గేటుకు కింద ఎడమ మూల ఆధారమైతే, కొత్త బొమ్మకూ కింద ఎడమ మూలే చూపించాలి. మధ్యలో ఎక్కడో నొక్కితే పలకలు గాలిలో వేలాడతాయి, లేదా పియర్‌లోకి దూరిపోతాయి. "రీప్లేస్ చేస్తే వేరే చోట పడుతోంది సార్" అన్న ఫిర్యాదుకు జవాబు ఇంతే. చివరికి ఏ ఐటమ్‌ను మార్చాలో అడిగినప్పుడు 19వ దాన్ని చూపిస్తే పని పూర్తి.

ఇప్పుడు కథ రెండో భాగం. 33 గేట్లూ మార్చాలని నిర్ణయం వచ్చింది. కొత్త గేటు డిజైన్ వేరు. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవాలా? అక్కర్లేదు. దానికి రెండు దార్లు ఉన్నాయి. రీప్లేస్‌లోనే సోర్స్ ఆబ్జెక్ట్స్ అని ఇంకో మాట కనిపిస్తుంది. అది ఎంచితే మూలవస్తువే మారిపోతుంది. లేదంటే అర్రే ఎడిట్‌లో సోర్స్ అనే ఆప్షన్ తీసుకుని ఏదైనా ఒక గేటు మీద నొక్కితే, ఆ గేటును అక్కడికక్కడే దిద్దవచ్చు. దిద్దుతుంటే మిగతావన్నీ మీ కళ్లముందే మారుతూ ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటేస్తుంది.

అయితే ఇదంతా చేశాక ఒకటి గమనించండి. 32 గేట్లు కొత్త డిజైన్‌లోకి మారతాయి, 19వ చోట స్టాప్‌లాగ్ పలకలు కదలకుండా అలాగే ఉంటాయి. "ఒక్కటి మారలేదు సార్, ఫైల్ కరప్ట్ అయింది" అంటారు. కరప్ట్ కాలేదు. ఒకసారి మీరు ప్రత్యేకంగా మార్చిన ఐటమ్‌ను, ఇది వీళ్లు కావాలని పెట్టింది కదా అని సాఫ్ట్‌వేర్ జోలికి పోదు. దాన్ని కూడా మూలానికి తేవాలంటే అర్రే ఎడిట్‌లోనే రీసెట్ ఉంది. రీసెట్ ఇస్తే చెరిపేసిన ఐటమ్‌లు తిరిగొస్తాయి, విడిగా మార్చినవి మూలం రూపంలోకి వస్తాయి. కానీ రీసెట్ జాలీ దయా లేనిది. అర్రే మొత్తంలో మీరు చేసిన ప్రత్యేక మార్పులన్నిటినీ తీసేయగలదు. నాలుగు చోట్ల గేట్లు చెరిపి, రెండు చోట్ల మార్చి ఉంటే, అవన్నీ పోయినా ఫరవాలేదా అని ముందే చూసుకోవాలి. చూడకుండా ఎంటర్ కొట్టేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

సోర్స్ దిద్దే పనిలో ఇంకో చిక్కు ఉంది. దీనికి భయపడేవాళ్లే ఎక్కువ. ఆ పనిలోకి వెళ్లేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక పెట్టె చూపించి, మీరు ఎడిటింగ్ స్థితిలోకి వెళ్తున్నారు, బయటికి రావాలంటే అర్రే క్లోజ్ ఇవ్వండి అని చెబుతుంది. ఆ పెట్టెలోనే "మళ్లీ చూపించవద్దు" అని ఒక గడి ఉంటుంది. మనం చదవకుండా ఆ గడిలో టిక్ పెట్టేస్తాం. తర్వాత ఎప్పుడో గేటు దిద్ది, అది అయిపోయిందనుకుని, పక్కనే డ్యామ్ మీద రోడ్డుకు ఒక గీత గీస్తాం. ఒక్క గీతకు 33 గీతలు వస్తాయి. చెరిపేస్తే 33 చెరిగిపోతాయి. "దయ్యం పట్టింది సార్" అని ఫోన్ వస్తుంది. దయ్యం పట్టలేదు. మీరింకా గేటు లోపలే ఉన్నారు. ఆ స్థితిలో కొత్తగా ఏం గీసినా అది గేటులో భాగమే అనుకుని అన్నిచోట్లా వేస్తుంది. కమాండ్ లైన్‌లో అర్రే క్లోజ్ అని టైపు చేయండి. మార్పులు ఉంచమంటారా అని అడుగుతుంది, అవసరాన్ని బట్టి ఎస్ అనో నో అనో చెప్పండి. లోపల ఉన్నామా బయట ఉన్నామా అన్న అనుమానం వస్తే అర్రే ఎడిట్ స్టేట్ అనే వేరియబుల్ అడగండి. 1 అంటే లోపల, 0 అంటే బయట. దాన్ని మనం మార్చలేం, చదువుకోవచ్చు అంతే.

ఒక్కటి దిద్దితే అన్నీ మారడం అనే ఊహ నిన్న మొన్నటిది కాదు. 1963లో అమెరికాలో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ అనే యువకుడు తన పరిశోధన కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. తెర మీద లైట్ పెన్‌తో గీతలు గీసే పని చాలామందికి మొదట పరిచయమైంది దానితోనే. అందులో మాస్టర్ డ్రాయింగు అని ఒకటుండేది. దాని నకళ్లు ఎన్ని వేసినా, మాస్టర్‌ను దిద్దితే నకళ్లన్నీ దిద్దుకునేవి. సదర్లాండ్ ఇచ్చిన ఉదాహరణల్లో షట్కోణాలను పక్కపక్కన పేర్చిన జల్లెడ లాంటి నమూనా ఒకటి. అంటే మన గేట్ల వరుసకు పెద్దన్న. ఇంత మంచి ఊహ రోజువారీ అర్రే కమాండ్‌లోకి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఎందుకంత ఆలస్యమైందో కంపెనీవాళ్లను అడగాలి.

డ్యామ్ నుంచి కాలువ మీదికి వద్దాం. హెచ్చెల్సీ కట్ట వెంబడి 10 మీటర్లకొక చెట్టు చొప్పున నాటే ప్లాను వేయాలనుకోండి. దీనికి వాడేది పాత్ అర్రే. ఒక చెట్టు గుర్తు, ఒక దారి గీత ఇస్తే, దారి ఎటు వంపు తిరిగితే చెట్లు అటు వెళ్తాయి. చిక్కు ఎక్కడంటే, సర్వే వాళ్లు ఇచ్చే డ్రాయింగులో కట్ట ఒక్క గీతగా ఉండదు. ముక్కలు ముక్కలుగా వందల చిన్న గీతలుంటాయి. పాత్ అర్రే ఒక్క వస్తువునే దారిగా తీసుకుంటుంది. మీరు నొక్కిన ముక్క మీద రెండు చెట్లు నాటి అక్కడితో ఆగిపోతుంది. ముందు జాయిన్ కమాండ్‌తో ఆ ముక్కలన్నీ కలిపి ఒక పాలీలైన్ చేయాలి. ముక్కల కొసలు ఒకదానికొకటి తగలకపోతే జాయిన్ కూడా ఒప్పుకోదు, ఆ సందులు ముందు మూయాలి. ఈ చాకిరీలో సగం రోజు పోతుంది. అర్రే మీద విసుగెత్తి చేత్తోనే గుర్తులు పెట్టుకుంటామనేవాళ్లు ఇక్కడే తయారవుతారు.

దారి ఒక్కటయ్యాక ఇంకో ప్రశ్న. మెజర్ పద్ధతా, డివైడ్ పద్ధతా? మెజర్ అంటే ఎడం మన చేతిలో ఉంటుంది, 10 మీటర్లకొకటి. డివైడ్ అంటే చెట్ల సంఖ్య మన చేతిలో ఉంటుంది, ఉన్న దారిలో వాటిని సమానంగా పంచుతుంది. ప్లానులో కట్ట పొడుగు మారితే తేడా తెలుస్తుంది. డివైడ్ పెట్టిన చోట 10 మీటర్ల ఎడం కాస్తా 10.4 అవుతుంది, మనకు కనిపించదు. మొక్కల పథకాలకు మెజరే సరైందని నా అభిప్రాయం. గుంతకింత అని కూలి లెక్క కడతారు కాబట్టి ఎడం ఖచ్చితంగా ఉండాలి. దాంతో పాటు ఫిల్ ఎంటైర్ పాత్ అన్న ఆప్షన్ పెట్టుకుంటే, కట్ట పొడిగించినప్పుడు చెట్లు కూడా పెరుగుతాయి. పెట్టుకోకపోతే పాత సంఖ్య దగ్గరే ఆగిపోయి, కొత్తగా పెంచిన కట్ట బోసిగా మిగులుతుంది.

ఎలైన్ ఐటమ్స్ అన్న మీట గురించి ఒక్క మాట. అది ఉంటే ప్రతి వస్తువూ దారి వంపుకు తగ్గట్టు తిరుగుతుంది. చెట్టు గుర్తు గుండ్రం కాబట్టి తిరిగినా తెలియదు. అదే కాలువ వెంబడి కరెంటు స్తంభాలు వేస్తే, వాటి అడ్డ చేతులు దారిని బట్టి తిరగాలా, అన్నీ ఒకే దిక్కుకు ఉండాలా అనేది ముందే నిర్ణయించుకోవాలి. స్తంభాలు వంకరగా వచ్చాయంటే ముందు చూడాల్సింది ఈ మీటనే.

హగరి ఒడ్డున ఇసుక దిబ్బల సంగతి కణేకల్, బొమ్మనహాళ్ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. హగరి అని పిలిచే ఈ వేదవతి నదిలో నీళ్లు లేని రోజుల్లో నైరుతి గాలి లేస్తే ఇసుక పొలాల మీదికి నడిచి వస్తుంది. దాన్ని ఆపడానికి గాలికి అడ్డంగా మొక్కల వరుసలు వేయాలి. ప్లాను మీద ఈ వరుసలు తూర్పు పడమరలుగా తిన్నగా ఉండవు, గాలి దిక్కుకు అడ్డంగా వాలుగా ఉంటాయి. మామూలు గళ్ల అర్రే మాత్రం తెర అంచులకు సమాంతరంగానే వస్తుంది. చాలామంది వేసేశాక తిప్పుతారు, సరిహద్దు గీతకు సరిపోక అవస్థ పడతారు. అంతకంటే ముందే యూసీఎస్‌ను, అంటే డ్రాయింగు అక్షాలను, గాలి దిక్కుకు తిప్పుకుని అప్పుడు అర్రే వేస్తే వరుసలు నేరుగా వాలుగానే పడతాయి. పని అయ్యాక యూసీఎస్‌ను తిరిగి వరల్డ్‌కు పెట్టడం మరచిపోకండి. మరచిపోతే ఆ తర్వాత గీసిన ప్రతి ఇల్లూ గాలికి కొట్టుకుపోయినట్టు వాలిపోయి ఉంటుంది. వరుసలు కిందికి రావాల్సింది పైకి పోతున్నాయంటే అంత ఆలోచించక్కర్లేదు, ఎడానికి ముందు మైనస్ పెట్టండి.

వలయం అర్రే గురించి ఎక్కువ చెప్పను. రామగిరి కొండల మీద 1990ల్లో వెలసిన గాలిమరలను చూసినవాళ్లకు అది తెలిసినట్టే. రెక్క ఒక్కటి గీసి, కేంద్రం చూపించి, మూడు ఐటమ్‌లు, 360 డిగ్రీలు అంటే చాలు. రెక్కలు తిరగకుండా మూడూ నిలువుగానే నిలబడ్డాయంటే రొటేట్ ఐటమ్స్ మూసి ఉందని అర్థం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అర్రే కదలకపోతే చిన్న చిన్నవి చూడాలి. లేయర్ తాళం వేసి ఉందా? తాళం వేసిన లేయర్ మీది అర్రే కనిపిస్తుంది కానీ మార్చనివ్వదు. గ్రిప్పులే కనిపించడం లేదా? గ్రిప్స్ వేరియబుల్ 0 అయి ఉండొచ్చు. అర్రే మీద నొక్కితే పైన రిబ్బన్‌లో అర్రే ట్యాబ్ రావడం లేదా? రిబ్బన్ మూసేసి ఉంటే రాదు, అర్రే ఎడిట్ అని చేత్తో టైపు చేసుకుని అదే పని చేసుకోవచ్చు.

పగలగొట్టడాన్ని ఇందాక అంత తిట్టాను కాబట్టి ఎక్స్‌ప్లోడ్ ఎప్పుడూ వద్దని అనుకోకండి. అవసరమైన సందర్భం ఒకటుంది. మీ ఫైలును ఇంకో ఆఫీసుకు పంపుతున్నారు. వాళ్ల దగ్గర 2012కు ముందు ఆటోక్యాడ్ ఉంది, లేదా ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంది. అక్కడ మీ అర్రే పేరులేని బ్లాకుగా కనిపించవచ్చు. నక్షత్రం గుర్తు, దాని పక్కన యూ అక్షరం, ఒక సంఖ్య, ఇదీ దాని పేరు. వాళ్లు దాన్ని అర్రేగా మార్చలేరు, బ్లాకుగా మార్చబోతే బంధం తెగిపోతుంది. ఆ తిరిగొచ్చిన ఫైలును మీరు తెరిచి, అర్రే ఎడిట్ కావడం లేదని తలపట్టుకుంటారు. తప్పు ఎవరిదీ కాదు. అలాంటి చోటుకు పంపేటప్పుడు ఫైలుకు నకలు తీసి, నకలులో ఎక్స్‌ప్లోడ్ చేసి పంపండి. అసలు ఫైలు అర్రేలతో సహా మీ దగ్గరే ఉంచుకోండి, దాని పేరు చివర తేదీ వేసి. వాళ్లు దిద్ది పంపినవి ఏమైనా ఉంటే మీ అసలు ఫైలులో మీరే ఎక్కించుకోండి.